పొగను పసికట్టు యంత్రము – దానిని పరీక్షించు విధము

సికిందరాబాదు పట్టణమున ఇటీవల జరిగిన అగ్నిప్రమాదములలో రెండు ఈ పాఠమునకు సంబంధించినవి. 2022 సెప్టెంబరు 12 వ తేది రాత్రి, క్రింద విద్యుత్తు స్కూటర్ల దుకాణమును, పైన వసతిగృహమును గల రూబీ హోటలు భవనమున నిప్పు పుట్టగా ఎనమండుగురు మరణించిరి. 2023 మార్చి 16 వ తేది సాయంకాలము స్వప్నలోక్ అను బహుళ అంతస్తుల వ్యాపారభవనమున నిప్పంటుకొనగా ఉద్యోగములు చేసికొనుచున్న ఆరుగురు యువతీయువకులు మరణించిరి. ఈ రెండుచోట్లను ప్రాణములను ముఖ్యముగా హరించినది జ్వాల కాదు, పొగ. మెట్లదారి పొగగొట్టమువలె పనిచేసి పొగను పై అంతస్తులకు చేర్చును; క్రిందికి దిగవలసిన మనుష్యులకు ఉన్న దారి అదియే. పొగలోనుండు కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించి మనిషిని స్పృహ తప్పించును.

కాబట్టి నిప్పును గూర్చి మనకు ముందుగా తెలుపవలసినది పొగయే. అయితే దానిని ఎంత ముందుగా పసికట్టగలము? మన ముక్కు మంచి సాధనమే గాని, నిద్రపోవువానికి అది మేలుకొలుపు గాదు. తాళము వేసిన గదిలో అది ఉండనే ఉండదు. అందువలన పెద్ద భవనముల కప్పులకు తెల్లని చిన్న గిన్నెలవంటి పొగసూచికలను బిగించుదురు. ఇవి ఉపయోగకరమైనవే. కాని వీనికొక స్వభావము కలదు. ఇవి ఉన్నచోటనే యుండి, పొగ తమయొద్దకు వచ్చువరకు వేచియుండును. గణనయంత్రములుండు గదులలో చల్లని గాలి బలముగా వీచుచుండును; అచ్చట పుట్టిన కొద్దిపాటి పొగ చెదరిపోయి పలుచబడును, కప్పునంటి యున్న సూచికకు అందదు. మిక్కిలి ఎత్తైన గిడ్డంగులలోను, పాత పత్రములను భద్రపరచు శాలలలోను ఇదే చిక్కు.

ఈ చిక్కునకు విరుగుడుగా ఏర్పడినది గాలిని పీల్చి పరీక్షించు పద్ధతి. ఇందులో యంత్రము పొగకొరకు వేచియుండదు. తానే గాలిని రప్పించుకొనును. గదుల కప్పుక్రింద సన్నని గొట్టములను పరచి, వానికి అచ్చటచ్చట చిన్న రంధ్రములు పెట్టుదురు. గొట్టముల చివర ఒక పెట్టెలో చిన్న పంకా ఎడతెగక తిరుగుచు, అన్ని రంధ్రములనుండియు గాలిని పీల్చును. ఆ గాలిలో కొంత ఒక జల్లెడగుండా పోయి, పెద్ద ధూళిని వదలి, చీకటి అరలోనికి ప్రవేశించును. అచ్చట లేసరు కిరణమో, మరియొక తీక్ష్ణమైన వెలుతురో దానిపై పడును.

వెలుతురుతో పొగను కనుగొనుట ఎట్లని విద్యార్థులు అడుగవచ్చును. ఉదయమున కిటికీ సందునుండి తరగతిగదిలోనికి వచ్చు ఎండకిరణమును ప్రక్కనుండి చూడుడు. అందులో వేలకొలది రేణువులు మెరయుచుండును. గాలి నిర్మలముగా నున్నచో ఆ కిరణము ప్రక్కనుండి చూచువానికి కనబడనే కనబడదు. రేణువులు వెలుతురును నలువైపులకు చెదరగొట్టుటచేతనే అది మన కంటికి అందుచున్నది. 19 వ శతాబ్దమున జాన్ టిండాల్ అను ఐర్లండు దేశీయుడు దీనిని శ్రద్ధగా పరిశీలించెను. చీకటి అరలో వెలుతురు కిరణమునకు ప్రక్కగా ఒక కృత్రిమమైన కన్నును నిలిపినచో, చెదరిన వెలుతురు ఎంతయో అది కొలువగలదు. ఎక్కువ చెదరిన ఎక్కువ పొగ. ఉపాధ్యాయుని సమక్షమున ఒక గాజుసీసాలో అగరుబత్తి పొగ నింపి, చీకటిలో ప్రక్కనుండి టార్చిదీపము వేసి చూచినచో యంత్రము యొక్క సగము రహస్యము తేటపడును.

ఈ సూత్రమును అగ్నిరక్షణకు మరల్చినవారు ఆస్ట్రేలియా దేశపు శాస్త్రజ్ఞులు. అచ్చటి అడవులు తరచుగా తగులబడుచుండుటచేత, గాలిలోని పొగను కొలుచు సాధనములు వారియొద్ద ముందే యుండెను. 1970 తరువాతి దశాబ్దమున ఆ దేశపు ప్రభుత్వ పరిశోధనసంస్థవారి కొలతసాధనము టెలిఫోను ఎక్స్ఛేంజీల రక్షణకు ఉపయోగపడి, క్రమముగా నేటి యంత్రమాయెను.

పొగ ఎంత యున్నదో చెప్పుటకు ఒక కొలత కావలెను. ఒక మీటరు పొడవు గల గాలిగుండా వెలుతురు పోవునపుడు నూటికి ఎంత పాలు తగ్గెనో అదియే కొలత. నూటికి ఇరువదిపాలు తగ్గినచో పొగ చిక్కగా నున్నదని కంటికే తెలియును. గాలిని పీల్చు యంత్రములలో సున్నితమైనవి నూటికి ఒక పాలులో నూరవ వంతుకంటెను తక్కువ మార్పును గుర్తించగలవు. కాని ఇచ్చట ఒక మెలిక కలదు. ఒక గొట్టమునకు పది రంధ్రములున్నవనుకొందము. వానిలో ఒక్కదానియొద్ద మాత్రమే నూటికి 2 పాళ్ల పొగ యున్నది. తక్కిన తొమ్మిదింటి గాలి నిర్మలము. అన్నియు కలిసి పెట్టెను చేరునప్పటికి ఆ పొగ పదిరెట్లు పలుచనై నూటికి 0.2 పాలుగా మాత్రమే కనబడును. కావున పెట్టెయొద్ద నిర్ణయించిన హద్దును చూచి "ఇది ఎంతో సున్నితము" అని మురియుట చాలదు. రంధ్రముయొద్ద అది ఎంతయగునో లెక్కించవలెను.

ఇక పరీక్షకు వత్తము. యంత్రమును కొని, గొట్టములు బిగించి, మీట నొక్కగానే పచ్చదీపము వెలుగును. పచ్చదీపము వెలుగుటకు అర్థము విద్యుత్తు వచ్చినదనియు, పెట్టె తన్ను తాను బాగున్నట్లు భావించుచున్నదనియు మాత్రమే. నలుబది అడుగుల అవతల గొట్టము ఊడియున్నదో, రంధ్రము పెట్టుటయే మరచిరో దానికేమి తెలియును? ఆ సంగతి తేల్చునదే పనిలో ప్రవేశపెట్టుటకు ముందు జరుపు పరీక్ష. ఇంజనీర్లు దీనిని కమిషనింగు అందురు. కొన్న ధరలోని విలువ ఈ పరీక్షతోనే చేతికి వచ్చునని నా అభిప్రాయము.

మొదట కంటితో చూచుట. పటములో గీసినట్లు గొట్టములున్నవా, రంధ్రములు చెప్పిన కొలతకు ఉన్నవా, తొలిచినపుడు రాలిన పొట్టు లోపల చిక్కుకొనెనా అని చూతురు. అతుకులన్నింటిని జిగురుతో బంధింపవలెను; పెట్టెలో దూర్చు అతుకును మాత్రము బంధింపరాదు, ఏలయన శుభ్రపరచునపుడు దానిని ఊడదీయవలసియుండును. పెట్టెకు తగిలించుటకు ముందే గొట్టములోనికి బలముగా గాలి నూది దుమ్మును వెడలగొట్టుదురు. సున్నము వేయువారు, వడ్రంగులు పని ముగించి, గది ఊడ్చినపిమ్మటనే యంత్రమును నడపవలెను. లేనిచో అది పుట్టుకతోనే దుమ్ము మ్రింగును.

పిమ్మట యంత్రము ఆ గది అలవాట్లను నేర్చుకొనవలెను. దీనికి కొన్నిదినములు, సాధారణముగా రెండువారములు పట్టును. ఆ కాలమున గదిలో నిత్యము జరుగు పనులన్నియు జరుగుచుండవలెను; చల్లగాలి యంత్రములు నడచుచుండవలెను. మన ప్రాంతమున దీనిని గూర్చి మరింత జాగ్రత్త కావలెను. దుకాణములలో శుక్రవారము సాంబ్రాణి వేయుదురు. ప్రతి ఉదయము అగరుబత్తి వెలిగించుదురు. దీపావళినాడు వీధిలోని టపాసుల పొగ గదిలోనికే వచ్చును. మంగళవారము మాత్రము చూచి హద్దు నిర్ణయించినచో శుక్రవారము గంట మ్రోగును. నాలుగు శుక్రవారములు ఊరకే మ్రోగిన గంటను అయిదవమారు ఎవరును లెక్కచేయరు. కాపలాదారు దాని నోరు నొక్కివేయును. బయటిగాలి దోషమునకు ఒక ఉపాయము కలదు: బయటినుండి గాలి లోనికి వచ్చు ద్వారమున మరియొక సూచికను పెట్టి, అది చూపిన పొగను లోపలి లెక్కనుండి తీసివేయుదురు.

తరువాతిది ఈ పరీక్షకు ప్రాణమువంటిది. గొట్టపు చిట్టచివరి రంధ్రముయొద్ద పొగ నుంచి, యంత్రము దానిని గుర్తించుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో గడియారముతో కొలువవలెను. ఏలయన అన్నిటికంటె ఆలస్యమైన రంధ్రము అదియే. పెట్టెకు దాపుననున్న రంధ్రముక్రింద అగరుబత్తి పట్టి, గంట మ్రోగగానే "బాగుగా నున్నది" అని సంతకముచేసి వెళ్లువారును కలరు. అది పరీక్ష కాదు. నిచ్చెన వేయుట, వెదకుట కష్టమైనను, చివరికే పోవలెను.

ఎన్ని సెకండ్లు పట్టవలెనో ముందుగా లెక్కకట్టవచ్చును. పై తరగతుల విద్యార్థులకు ఇది మంచి లెక్క. గొట్టము పొడవు 50 మీటర్లు, లోపలి వ్యాసము 21 మిల్లీమీటర్లు. 5 మీటర్ల కొకటి చొప్పున 10 రంధ్రములు. పంకా నిమిషమునకు 40 లీటర్ల గాలిని పీల్చును. ప్రతి రంధ్రమునుండియు సమానముగా, అనగా 4 లీటర్ల చొప్పున, వచ్చుచున్నదనుకొందము. గొట్టములో పట్టు గాలి సుమారు 17.3 లీటర్లు. తొందరపడి లెక్కించు విద్యార్థి, 17.3 లీటర్లను 40 తో భాగించి, 26 సెకండ్లని చెప్పును. అది తప్పు. 40 లీటర్ల ప్రవాహము పెట్టెకు ప్రక్కనున్న భాగములో మాత్రమే యుండును. చిట్టచివరి 5 మీటర్లలో ప్రవహించునది ఒక్క రంధ్రపు గాలి, 4 లీటర్లు మాత్రమే. ఆ భాగమున 1.73 లీటర్ల గాలి కదలుటకే 26 సెకండ్లు కావలెను! దాని ముందరి భాగములో రెండు రంధ్రముల గాలి ప్రవహించును గనుక 13 సెకండ్లు. తరువాత మూడవ వంతు, నాలుగవ వంతు, ఇట్లే పదియవ వంతు వరకు. ఒకటి, అర, మూడవ వంతు, ఈ తీరున పది భిన్నములను కూడినచో 2.93 వచ్చును. దానిని 26 చేత గుణింపగా 76 సెకండ్లు.

అమెరికా దేశపు జాతీయ అగ్నిరక్షణ సంఘమువారి 72 వ నియమావళి ఈ కాలము 120 సెకండ్లకు మించరాదనుచున్నది. టెలిఫోను కేంద్రముల వంటిచోట్ల అత్యంత శీఘ్రముగా పసికట్టవలసిన ఏర్పాటునకు అదే సంఘమువారి 76 వ నియమావళి 60 సెకండ్లే హద్దు పెట్టెను. మన గొట్టము మొదటిదానిలో నెగ్గును, రెండవదానిలో తప్పును. అప్పుడేమి చేయవలెను? చివరి రంధ్రమును కొంచెము పెద్దది చేయుదురు. దానినుండి 8 లీటర్లు వచ్చునట్లును, తక్కిన 32 లీటర్లు మిగిలిన తొమ్మిదింటినుండి వచ్చునట్లును ఏర్పరచి మరల లెక్కించినచో సుమారు 55 సెకండ్లు వచ్చును. ఒక్క రంధ్రపు వెడల్పులో ఇరువదియొక్క సెకండ్లు దాగియున్నవి. గొట్టపు చివరి మూత రంధ్రము తక్కినవానికంటె పెద్దదిగా నుండుటకు కారణ మిదియే.

కొలిచిన కాలము లెక్కకు దగ్గరగా నుండవలెను. మిక్కిలి ఎక్కువైనచో ఎక్కడనో గాలి కారుచున్నది, లేక చివరి రంధ్రము పూడినది. మిక్కిలి తక్కువైనను సంతోషింపరాదు; గొట్టము మధ్యలో విరిగి, దగ్గరి పగులునుండియే పొగ లోనికి పోయియుండవచ్చును.

యంత్రము తన ఊపిరిని తానే కొలుచుకొనుచుండును. గాలిప్రవాహము మారినచో గొట్టము పూడెననియో విరిగెననియో తెలుపును. ఐరోపా దేశముల 54 వ ప్రమాణము, 20 వ భాగము ప్రకారము ప్రవాహము నూటికి 20 పాళ్లు మారినచో అది తెలుపవలెను. ఈ సంఖ్యను మన పది రంధ్రముల గొట్టముతో పోల్చి చూడుడు. సమానమైన పది రంధ్రములలో ఒకటి సాలెగూటితోనో, రంగు వేయువాని కుంచెతోనో పూర్తిగా మూసికొనిపోయినచో తగ్గునది నూటికి పదిపాళ్లు. తక్కినవి కొంచెమెక్కువ పీల్చుటచేత అంతకును తక్కువయే. యంత్రము మాటాడదు. పచ్చదీపము అట్లే వెలుగుచుండును. ఆ ఒక్క రంధ్రము క్రింద నున్న గది మాత్రము కావలి లేనిదగును. అందుచేత పరీక్షకుడు రంధ్రములను ఒక్కొక్కటిగా అంటుడు కాగితముతో మూసి, ఎన్ని మూసినప్పుడు యంత్రము ఫిర్యాదు చేయునో వ్రాసికొనవలెను; ప్రతి రంధ్రముయొద్దను పొగ నుంచి చూడవలెను. ఒక్కొక్క రంధ్రము ఒక్కొక్క చిన్న గదికి కావలి యైనచోట్ల ఈ శ్రమ తప్పదు.

అగరుబత్తి పొగ చల్లని గదిలో సహజమైన నిప్పు పొగను పూర్తిగా పోలదు. విద్యుత్తు పరికరముల గదులలో మొదట పుట్టునది వేడెక్కిన తీగపై తొడుగు మాడిన సన్నని పొగ. అందువలన బ్రిటిషు ప్రమాణములలో ఒక పరీక్ష ఏర్పరచిరి. ఒకటి రెండు మీటర్ల సన్నని తొడుగు తీగలో 6 వోల్టుల బలముగల విద్యుత్తును ఒకటి మొదలు మూడు నిమిషములవరకు పంపుదురు. తొడుగు మాడి, కంటికి కనబడీ కనబడని పొగ వెలువడును. చల్లగాలి పూర్తిగా వీచుచుండగా యంత్రము దానిని పట్టవలెను. ఈ పొగ పీల్చదగినది కాదు గనుక దీనిని విద్యార్థులు అనుకరింపరాదు.

పొగను గుర్తించుట సగము పని. గుర్తించిన పిమ్మట ఏమి జరుగును? యంత్రమునకు సాధారణముగా నాలుగు మెట్లుండును: మొదటిది చూడుడనుట, రెండవది కదలుడనుట, మూడవది నిప్పు అనుట, నాలుగవది అందరిని వెడలింపుడనుట. ఒక్కొక్క మెట్టులో కాపలాదారు గదిలో దీపము వెలిగెనా, గంట పై అంతస్తువరకు వినబడెనా, చల్లగాలి ఆగెనా, విద్యుత్తు పోయినప్పుడు బ్యాటరీ భారము మోసెనా అని చూడవలెను. మొదటి మెట్టు పలికినపుడు నిచ్చెనయు తాళపుచెవియు ఎవరియొద్ద నుండునో తేలకపోయినచో, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల శ్రమయంతయు వ్యర్థము.

ఇచ్చట ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. బ్యాటరీలు ఒకదానివెంట నొకటి అంటుకొనునట్టి నిప్పు క్షణములలో వ్యాపించును. రూబీ హోటలు వంటిచోట ఈ యంత్రము ఇచ్చు వ్యవధి స్వల్పమే. అచ్చట ఎక్కువ అవసరమైనది పొగ చొరని రెండవ మెట్లదారి. తీగలు వేడెక్కుట, గుడ్డలు కాగితములు నివురుగప్పి కాలుట మొదలగు నెమ్మదియైన ప్రమాదములలోనే దీనికి సాటి లేదు.

మన పట్టణము దక్షిణ మధ్య రైల్వేకు ప్రధానస్థానము గనుక రైళ్లను గూర్చియు చెప్పవలసియున్నది. 2013 డిసెంబరు 28 వ తేది తెల్లవారుజామున అనంతపురము జిల్లా కొత్తచెరువు సమీపమున బెంగుళూరు–నాందేడు ఎక్స్‌ప్రెస్సులోని చల్లగాలి పెట్టెయొకటి తగులబడి 26 మంది మరణించిరి. అద్దములు మూసిన పెట్టెలో నిద్రించువారికి పొగ ఎంత శత్రువో దీనివలన తెలియును. ఇప్పుడు చల్లగాలి పెట్టెలలో పొగను పసికట్టి, గంట మ్రోగించి, తానే బ్రేకు వేయు ఏర్పాటులున్నవి. వందేభారత్ రైళ్ల మరుగుదొడ్లలోను, విద్యుత్తు అరలలోను గాలిని పీల్చు పద్ధతినే అమర్చిరి.

2023 ఆగస్టు 9 వ తేది తిరుపతినుండి సికిందరాబాదు వచ్చుచున్న వందేభారత్ రైలులో టిక్కెట్టు లేని ప్రయాణికుడొకడు మరుగుదొడ్డిలో గడియ పెట్టుకొని సిగరెట్టు వెలిగించెను. యంత్రము మ్రోగెను, నిప్పునార్పు పొడి తనంతట చిమ్మెను, గూడూరు దాటిన పిమ్మట మనుబోలు వద్ద రైలు ఆగెను. ప్రయాణికులు నిజముగా నిప్పంటుకొనెనని భయపడిరి. సిబ్బంది కిటికీ అద్దము పగులగొట్టి చూడగా లోపల నున్నది అతడు. వార్త చదివినవారిలో పలువురు నవ్విరి. కాని పరీక్షకుని దృష్టితో చూచినచో ఆనాడు గొట్టము, రంధ్రము, చీకటి అర అన్నియు తమ పని తాము చేసినవి. సిగరెట్టు పొగకును తీగ పొగకును భేదము తెలియకుండుట దాని లోపమే. కాని ఆ భేదము తెలియుటకై హద్దును పెంచినచో నిజమైన నిప్పునకు అది ఆలస్యముగా మేలుకొనును. ఎంత పెంచవచ్చును, ఎంత పెంచరాదు అను బేరము ప్రతిచోట పరీక్షకుడు తేల్చవలసినదే.

పరీక్ష ముగిసినపిమ్మట ఒక పుస్తకములో అన్నియు వ్రాసి యిరుపక్షములవారు సంతకము చేయుదురు: తేది, చల్లగాలి నడచుచుండెనా, ప్రతి గొట్టపు ప్రవాహమెంత, చివరి రంధ్రమునకు పట్టిన సెకండ్లు, పెట్టిన హద్దులు, ఎన్ని రంధ్రములు మూయగా యంత్రము పలికెను. ఈ పుస్తకము పెట్టెప్రక్కనే యుండవలెను. మరుసటి సంవత్సరము అదే నిచ్చెనపై, అదే చివరి రంధ్రముయొద్ద మరల పొగ పట్టుదురు. మొదటి సంవత్సరము 55 సెకండ్లు, రెండవ సంవత్సరము 58, మూడవ సంవత్సరము 70 అని వ్రాసియున్నచో, పచ్చదీపము ఎంత నిశ్చింతగా వెలుగుచున్నను, గొట్టమును ఊడదీసి లోపల చూడవలసిన దినము వచ్చినదని తెలియును.